కుంపటక్క ఇచ్చిన నిప్పు

అనగనగా... ఊఁ కొట్టండి మరి! ఊఁ కొట్టకపోతే కథకి కోపమొస్తుంది, సగంలోనే ముసుగుతన్ని పడుకుంటుంది. ఆఁ, అదీ! ముందు ఆ దీపంలో వెలుగుతున్న అగ్నిదేవుడికి ఒక దణ్ణం పెట్టుకోండి. ఇవాళ్టి కథ ఆయనదే.

అనగనగా ఒక అడవిలో, కొండ నెత్తిన ఒక గుహ. ఆ గుహలో ఒక ఆడ డ్రాగన్ ఉండేది. డ్రాగన్ అంటే తెలుసుగా? ఒళ్ళు కొండచిలువది, రెక్కలు గబ్బిలానివి, నోరు మాత్రం కమ్మరి కొలిమి. దగ్గితే రవ్వలు, తుమ్మితే మంట. అడవిలో అందరూ ఆమెని కుంపటక్క అనేవాళ్ళు.

కుంపటక్క మనసు చెడ్డది కాదు. కానీ ఒళ్ళంతా అల్లరి. మొసలి నిద్రపోతుంటే దాని ముక్కులోకి పొగ ఊదేది. నెమలి పురి విప్పి ఆడుతుంటే వెనకనుంచి వెళ్ళి "ఉఫ్!" అనేది. అది కెవ్వుమంటే ఈవిడ పొట్ట పట్టుకుని నవ్వేది.

వానాకాలం వచ్చిందంటే ఆ అడవిలో పొయ్యిలన్నీ ఆరిపోయేవి. అప్పుడు అందరూ తలా ఒక కుండపెంకు పట్టుకుని కుంపటక్క గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. "అక్కా, కాస్త నిప్పు పెట్టవూ?" అని అడిగేవాళ్ళు. ఆమె ఒక కట్టెముక్కని ఎర్రగా కాల్చి, ఆ నిప్పుకణికని పెంకులో వేసి, పైన బూడిద కప్పి ఇచ్చేది. బూడిద కప్పితే కణిక దారిలో ఆరిపోదు.

దీనికొక ఆచారం ఉంది. నిప్పు అడిగినవాళ్ళకి లేదనకూడదు. తీసుకున్నవాళ్ళు గుమ్మంలోనే ఒకసారి బూడిద ఊదాలి. కణిక ఎర్రగా మెరిస్తే దణ్ణం పెట్టి తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం. కానీ వాన దంచి కొడుతుంటే గుమ్మంలో నిలబడి ఊదే ఓపిక ఎవరికుంది? పెంకు అందుకోవడం, పరుగెత్తడం!

ఆ ఏడు దేవుడి దయవల్ల కుంపటక్క ఒక గుడ్డు పెట్టింది. పనసకాయంత గుడ్డు! పూటపూటకీ దానిచుట్టూ వేడి ఊదాలి. ఒక్క పూట పూర్తిగా చల్లబడిందంటే లోపలి బిడ్డ ఇక కళ్ళు తెరవదు. కుంపటక్క దాన్ని వదిలి అడుగు కదిలేది కాదు. ఊదడం, కూర్చోవడం. ఊదడం, కూర్చోవడం. అల్లరి చేసే ప్రాణానికి ఎంత కష్టమో చూడండి!

ఒకరోజు ఎలుగుబంటి బొంతయ్య తడిసి ముద్దై వచ్చాడు.

"కుంపటమ్మా, మా ఆవిడకి ఒకటే దగ్గు. మిరియాల కషాయం కాచాలి. కాస్త నిప్పు పెట్టమ్మా."

కుంపటక్క కళ్ళు తళుక్కుమన్నాయి. గుహలో మూలన గురిగింజలు కుప్పగా ఉన్నాయి. ఎర్రగా, నిగనిగలాడుతూ అచ్చం నిప్పురవ్వల్లా ఉన్నాయి. గుప్పెడు తీసి పెంకులో పోసింది. పైన బూడిద కప్పింది.

"ఇదిగో బొంతయ్య బావా, మంచి పదునైన నిప్పు. మూతి కాలేను, జాగ్రత్త!"

"చల్లగా ఉండు తల్లీ" అని బొంతయ్య పరుగెత్తాడు.

ఇంటికెళ్ళి పొయ్యిలో పోసి ఊదాడు. బూడిద లేచింది. నల్లటి ఎలుగుబంటి తెల్లటి ఎలుగుబంటి అయింది. నిప్పు మాత్రం లేదు! ఆ సంగతి చిలకలు వచ్చి చెబితే కుంపటక్క నవ్వీ నవ్వీ గుహ కప్పుకి తల కొట్టుకుంది.

తర్వాత ముళ్ళపంది సూదవ్వ వచ్చింది. అడవిలో అందరికంటే వయసులో పెద్దది. మెల్లగా, ముళ్ళు గలగలలాడించుకుంటూ వచ్చింది.

"తల్లీ, పొయ్యి ఆరింది. ఇంత నిప్పు పెట్టు."

కుంపటక్క మళ్ళీ గురిగింజలే పోసి, బూడిద కప్పి ఇచ్చింది. సూదవ్వ పరుగెత్తలేదు. గుమ్మంలో చతికిలబడింది. పెంకు ఎదురుగా పెట్టుకుని, బుగ్గలు పూరించి, "ఉఫ్ఫ్!" అని ఊదింది.

బూడిదంతా వెళ్ళి ఎక్కడ పడిందనుకున్నారు? కుంపటక్క మొహాన!

సూదవ్వ కోప్పడలేదు. ఒక గింజ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింజలు ముద్దుగా ఉన్నాయే పిల్లా. ఇవి నీ దగ్గరే ఉంచు, పుట్టబోయే బిడ్డకి గాజులు గుచ్చుదువుగాని. ఇప్పుడు నిప్పు పెట్టు."

కుంపటక్క తుమ్ముకుంటూ నిజం నిప్పే పెట్టింది. సూదవ్వ ఊది చూసుకుంది. కణిక మెరిసింది. దణ్ణం పెట్టుకుని, మెల్లగా గలగలలాడుతూ వెళ్ళిపోయింది.

సిగ్గుపడి మానుకుందా మన కుంపటక్క? లేదే! "ముసలమ్మ దగ్గర పప్పులుడకలేదు. ఈసారి ఇంకా గట్టి ఎత్తు వెయ్యాలి" అనుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం కోతి కొమ్మచ్చి వచ్చింది. నెత్తిన టేకాకు కప్పుకుంది, పళ్ళు టకటకలాడుతున్నాయి.

"అక్కా, మా అమ్మకి చలిజ్వరం. ఆగకుండా వణికిపోతోంది. నీకు పుణ్యముంటుంది, కాస్త నిప్పు పెట్టక్కా."

గుహ ముందు తడి నేల మీద ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయి. తొలకరికి బయటికొస్తాయి చూడండి, ఎర్ర మఖమల్ గుడ్డ కట్టుకున్నట్టు ఉంటాయి. కుంపటక్క వాటిని మెల్లగా పెంకులోకి ఎత్తింది. పైన చల్లటి బూడిద చిలకరించింది.

"ఇదిగోనే కొమ్మచ్చీ, ఇవాళ్టి నిప్పు మహా చురుకైనది. పట్టుకుని పో!"

కొమ్మచ్చి పరుగెత్తింది. కుంపటక్కకి కూర్చోబుద్ధి కాలేదు. మొన్నటి తమాషా చిలకలు చెబితే విన్నది. ఈ తమాషా మాత్రం కళ్ళారా చూడాలి! గుడ్డు వంక చూసింది. బయట వాన వంక చూసింది. మళ్ళీ గుడ్డు వంక చూసింది.

"ఇప్పుడే వచ్చేస్తా బంగారం. రెప్పపాటులో వస్తా" అని ఎగిరిపోయింది.

కొమ్మచ్చి ఉండే రాతిగూడు ఎదురుగా ఒక బండ చాటున నక్కి కూర్చుంది. లోపల కొమ్మచ్చి పుల్లలు పేర్చింది. పెంకు కిందపెట్టి "ఉఫ్" అంది. ఎర్రటి నిప్పులు కదిలాయి. వరస కట్టాయి. పెంకు దిగి గోడెక్కసాగాయి!

"అమ్మా! అమ్మా! నిప్పుకి కాళ్ళొచ్చాయే! నడిచిపోతోందే!" అని కొమ్మచ్చి అరిచింది.

ముసలి కోతి వణుకుతూనే తల ఎత్తింది. "జ్వరం నాకొచ్చిందా, నీకొచ్చిందా?" అంది.

ఇంకేముంది! కుంపటక్క నవ్వు ఆపుకోలేకపోయింది. బురదలో వెల్లకిలా పడి దొర్లింది. రెక్కలు కొట్టుకుంటూ, నోరు ఆకాశమంత తెరిచి నవ్వింది.

వానదేవుడు ఊరుకుంటాడా? తెరిచిన నోట్లో కుండలతో గుమ్మరించాడు. చుయ్‌య్‌య్! కడుపులో కొలిమి కాస్తా ఆరిపోయింది.

కుంపటక్క ఉలిక్కిపడి లేచింది. "ఉఫ్!" అని ఊదింది. చల్లగాలి వచ్చింది. గట్టిగా ఊదింది. బురదనీళ్ళు వచ్చాయి. ప్రాణం బిగబట్టి మూడోసారి ఊదింది. ఒక కప్పపిల్ల గెంతి బయటపడి, "బెక" అని తన దారిన తాను పోయింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. ఎగురుకుంటూ గుహకి వచ్చింది. గుడ్డు గోరువెచ్చగా ఉంది. పొట్టకి హత్తుకుంది. పొట్టే చల్లగా ఉంటే గుడ్డు ఎలా వేడెక్కుతుంది? పొద్దు వాలిపోతోంది. గుడ్డుని రెక్కకింద పెట్టుకుని, ఒక పెంకు పట్టుకుని, అందరికీ నిప్పు పెట్టిన కుంపటక్క నిప్పు అడుక్కోవడానికి బయల్దేరింది.

ముందు బొంతయ్య గుమ్మంలో ఆగింది.

"బావా, కాస్త నిప్పు ఉంటే పెట్టవూ?"

బొంతయ్య కట్టెలు మోపు కడుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"నువ్విచ్చిందే ఉందమ్మా పొయ్యిలో. తీసుకో."

కుంపటక్క ఆశగా వంగి ఊదింది. గుప్పున బూడిద లేచి మొహమంతా పడింది. పొయ్యిలో గురిగింజలు నిగనిగలాడాయి.

"చూశావుగా? ఏది ఇస్తే అదే ఉంటుంది. మా ఆవిడ దగ్గుకుంటూ సూదవ్వ ఇంటికి వెళ్ళింది" అన్నాడు బొంతయ్య.

కుంపటక్క బూడిద మొహంతోనే కదిలింది. దారిలో కొమ్మచ్చి కనబడింది. తల్లిని వీపున వేసుకుని వెళ్తోంది. కుంపటక్కని చూసి తోక నిగడదన్నింది.

"ఏమక్కా, నీ నిప్పు కోసం వచ్చావా? అదిగో, ఆ గోడ దిగి ఈ చెట్టెక్కింది. పట్టుకో!"

కుంపటక్క రెక్క కాస్త పక్కకి తప్పించి గుడ్డుని చూపించింది. వీపు మీది ముసలి కోతి వణుకుతున్న చెయ్యి చాపి గుడ్డుని తాకింది.

"అయ్యో, బిడ్డ చల్లబడిపోతోందే! కొమ్మచ్చీ, వాగింది చాలు, నడు. మేమూ సూదవ్వ ఇంటికే అమ్మా. నువ్వూ రా" అంది.

కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని బొంతయ్య కూడా వెనకే బయల్దేరాడు. కుంపటక్క మొహం ఎలా మాడుతుందో చూద్దామని! తమాషా చూడాలనే సరదా ఆవిడ ఒక్కదానికేనా?

సూదవ్వ బొరియ ముందు పెద్ద బండ ఉంది. ఆ బండ కింద పొయ్యి వెలుగుతోంది. దానిమీద మిరియాల కషాయం కుతకుతలాడుతోంది. బొంతయ్య పెళ్ళాం పక్కనే కూర్చుని ఉంది.

"అవ్వా..." అంది కుంపటక్క. పెంకు ముందుకి చాపింది.

సూదవ్వ ఆమెని చూసింది, గుడ్డుని చూసింది. ఒక పెంకులో ఏదో ఎత్తింది. పైన బూడిద కప్పి చేతికిచ్చింది.

బొంతయ్య కిసుక్కుమన్నాడు. కొమ్మచ్చి నోటికి తోక అడ్డం పెట్టుకుంది. కుంపటక్క పెంకు వంక చూసింది. బూడిద కింద ఏముందో! గింజలా? పురుగులా? వేళాకోళం చేసిన తనకి ఇంకేం పెడతారు?

"అవ్వా, ఇది నిజం నిప్పేనా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

"ఊది చూసుకో పిల్లా. ఆచారం అందుకేగా పెట్టారు?"

కుంపటక్క మెల్లగా ఊదింది. బూడిద పక్కకి జరిగింది. కణిక కళ్ళు తెరిచినట్టు ఎర్రగా మెరిసింది. తను ఇచ్చిన నిప్పే అది! అన్నాళ్ళూ నిప్పు ఆవిడ కడుపులో ఉండేది, కాబట్టి ఎన్నడూ దణ్ణం పెట్టలేదు. ఆ సాయంత్రం మోకాళ్ళ మీద వంగి, రెండు రెక్కలూ జోడించి దణ్ణం పెట్టింది.

"మింగెయ్యనా అవ్వా?"

"నీ తొందర తగలెయ్య! లోపలంతా తడి, చుయ్ మంటుంది. ముందు బిడ్డ సంగతి చూడు."

ఏనుగు పేడ పిడకలు గుడ్డుచుట్టూ పేర్చి కణికలు దూర్చారు. కొమ్మచ్చి తోకతో విసిరింది. చలిజ్వరం కోతి కూడా ఆ వేడికే దగ్గరగా జరిగి కూర్చుంది. కాసేపటికి లోపలినుంచి "టుక్" మని చప్పుడయింది. బిడ్డ కదిలింది! కుంపటక్క కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

"ఏడవకే, పిడకలు తడుస్తాయి. ముందు నీ కడుపు ఆరబెట్టాలి. కషాయం తాగాలి" అంది సూదవ్వ.

బొంతయ్య గబుక్కున కుండ వెనక్కి దాచుకున్నాడు. "మా ఆవిడకి కాచింది ఇది! మొన్న ఈవిడ చేసిన పనికి రాత్రంతా దగ్గింది పాపం!"

బొంతయ్య పెళ్ళాం ఖళ్ళుఖళ్ళున దగ్గి, కుండ లాక్కుని కుంపటక్కకి ఇచ్చింది. "ఆవిడ చేసింది మనకి తెలుసుగా ఎలా ఉంటుందో. మళ్ళీ మనమూ అదే చెయ్యాలటండీ? వేళాకోళం తర్వాత, వెచ్చదనం ముందు."

కుంపటక్క తలవంచుకుని కషాయం తాగింది, కణిక మింగింది. మిరియాల ఘాటు నషాళానికి ఎక్కింది. "హాచ్!" అంది, పొగ వచ్చింది. "హాచ్చ్!" అంది, రవ్వలు వచ్చాయి. "హా... అందరూ తప్పుకోండి... ఆచ్చ్చ్!" అంది. భగ్గున మంట!

అందరూ తప్పుకున్నారు. బొంతయ్య బెత్తెడు తోక ఒక్కటే కాస్త ఆలస్యంగా తప్పుకుంది.

"నిజంగా పొరపాటే బావా, ఒట్టు!" అంది కుంపటక్క.

తర్వాత గుడ్డు పగిలింది. పచ్చటి పిల్ల డ్రాగన్ పుట్టింది. బారసాలకి అడవంతా వచ్చింది. బొంతయ్య చాలా వినయంగా ఒక పెంకు తెచ్చాడు, పైన బూడిద.

"పిల్లకి కానుక, కుంపటమ్మా. మంచి పదునైన నిప్పు!"

కుంపటక్కకి తెలుసు. తెలిసే మొహం దగ్గరగా పెట్టి గట్టిగా ఊదింది! బూడిద గుప్పున లేచింది, గురిగింజలు చిందాయి. తల్లి తెల్లటి మొహం చూసి పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వులో దాని మొట్టమొదటి మంట వచ్చింది, చిటికెన వేలంత. ఆ గింజలే సూదవ్వ పిల్లకి గాజులు గుచ్చింది.

ఆనాటినుంచి కుంపటక్క అల్లరి మానలేదు. పొరపాటున కూడా అలా అనుకోకండి! కానీ ఎవరైనా పెంకు పట్టుకుని గుమ్మంలోకి వస్తే మాత్రం నిజం నిప్పే పెట్టేది. వాన ఎంత కురుస్తున్నా ఆపి, "ఊది చూసుకుని వెళ్ళండి" అనేది. వాళ్ళు ఊదితే బూడిద తన మొహాన పడేలా ఎదురుగా కూర్చునేది. అది చూడ్డానికే ఆవిడ పిల్ల రోజూ గుమ్మంలో కాపు కాసేది.

నీతి: అవసరంలో చెయ్యి చాపినవాళ్ళతో పరాచికాలాడకూడదు. ఇవాళ మనం ఎదుటివాళ్ళ పెంకులో ఏది వేస్తామో, రేపు మన అవసరానికి అక్కడ దొరికేది అదే.