దర్జీ పైకి చదివిన కొలతలు

ఒక ఊళ్లో ఒక దర్జీ ఉండేవాడు. ఊరందరి కొలతలూ అతని పుస్తకంలో ఉండేవి.

కొలత తీసేటప్పుడు అతను అంకె పైకి చెప్పేవాడు కాదు. టేపు వేసి చూసి, చెవి మీది పెన్సిలు తీసి రాసుకునేవాడు. కొన్నిటికి సొంత గుర్తులు పెట్టుకున్నాడు. పొట్ట పెరిగితే సున్నా, వీపు వంగితే కొడవలి. ఆ గుర్తుల అర్థం అతని భార్యకి కూడా తెలియదు. ఆ ఊళ్లో అందరూ నిటారుగా కనిపించేవారంటే సగం పుణ్యం ఆ దర్జీదే.

బడి పంతులమ్మ పేరు పక్కన ఆకు బొమ్మ ఉండేది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి ఆమె కుడి భుజం ఒకటిన్నర అంగుళం కిందికి దిగింది. అప్పటినుంచి ఆమె జాకెట్లకి కుడి భుజం లోపల దర్జీ దూది పెట్టి కుట్టేవాడు. ఎంత దూది అని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా అది వాళ్లిద్దరి మధ్యే ఉంది.

ఒకరోజు ఒక మేఘం వచ్చి బజారు మీద ఆగింది. చూడ్డానికి అందమైంది, మాట ఇంకా మెత్తన.

"దర్జీగారూ, మీ పుస్తకానికి చెదలు పట్టింది. ఆ కొలతలు నా దగ్గర దాచండి. మీరు తలెత్తి అడిగితే చాలు, చినుకులా చేతిలో వేస్తాను. ఎవరికైనా పనికొస్తే కాస్త నీడ వేసి చూపిస్తాను, సరేనా?"

"వైద్యుడుగారు దాచారా?"

"ఊరి రోగాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. గాజులమ్మే ఆవిడ ఆడవాళ్ల చేతుల కొలతలన్నీ ఇచ్చేసింది. మీరొక్కరే మిగిలారు."

ఒక్కడే మిగిలాననేసరికి దర్జీకి సిగ్గేసింది. అప్పటికే నాలుగు పేజీలు చెదలు తినేశాయి. పాపం, అతని భయం ఉత్తిదేం కాదు. అన్నిటికీ సరేనన్నాడు.

కానీ మేఘానికి ఆ గుర్తులు చదవడం రాలేదు. "మీరే చదివి చెప్పండి" అంది. దర్జీ గుమ్మంలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పైకి చదివాడు. జీవితంలో ఒక్క అంకె పైకి అననివాడు! ఆకు బొమ్మ దగ్గర నాలుక తడబడింది. అయినా, "కుడి భుజం ఒకటిన్నర అంగుళం దిగుడు" అని చదివేశాడు. రాసింది తన పెన్సిలే కదా అనుకున్నాడు.

పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు పొరుగూరి తైలాల వ్యాపారి సరాసరి బడికి వచ్చి, ఎక్కాలు చెబుతున్న పంతులమ్మ ముందు సీసా పెట్టాడు.

"వాలిన భుజానికి మంచి తైలమమ్మా. మీకు కుడివైపు ఒకటిన్నర అంగుళం కదా!"

మనిషి చెడ్డవాడు కాదు, నవ్వుతూనే అన్నాడు. పిల్లలు ఎక్కాలు ఆపి ఆమె భుజం వైపు చూశారు.

సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చింది. అరవలేదు.

"నువ్వు చెప్పావా బాబాయ్?"

"మేఘానికి చెప్పానమ్మా. దాచమని."

"నన్నడిగావా?"

ఆమె వెళ్లిపోయింది. ఆ నెల జాకెట్టు గుడ్డ తేలేదు, పై నెలా తేలేదు.

దర్జీ తలెత్తి మేఘాన్ని అడిగాడు. "నా కొలతలు నాకిచ్చెయ్."

"తీసుకోండి" అని మేఘం అన్నీ దించింది. "నా దగ్గరా ఒక నకలు ఉంటుందనుకోండి. అయినా నేను పుస్తకం ఎవరికీ ఇవ్వలేదండీ. తైలం ఎవరికి కావాలని ఆ వ్యాపారి అడిగితే, అలాంటివాళ్ల మీద కాస్త నీడ వేసి చూపించాను. కొలత కూడా చెప్పాను. దానికి మీరు సరేనన్నారుగా."

"నేనన్నాను. వాళ్లనలేదు" అన్నాడు దర్జీ. ఆ మాట తన నోటనే విన్నాక గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాటినుంచి గడప గడపకీ వెళ్లి, ఎవరి గురించి ఏం చదివాడో వాళ్లకి చెప్పి తలొంచుకున్నాడు. కొందరు నవ్వేశారు, కొందరు మొహం మీదే తలుపేశారు. పంతులమ్మ గుమ్మంలో మాత్రం చేతులు జోడించి వచ్చేశాడు.

వారం తర్వాత ఆమె గుడ్డ పట్టుకుని వచ్చింది. పైన మేఘం ఇంకా అక్కడే ఉంది.

"కొలత తియ్యనా తల్లీ?" అన్నాడు దర్జీ. ఇరవై ఏళ్లలో ఆ మాట అడగడం అదే మొదలు.

"పాత కొలతే కదా, నీకు తెలుసుగా."

అతనికి తెలుసు. కళ్లు మూసుకుని కుట్టగలడు. అయినా పుస్తకం ముట్టుకోలేదు.

"నాకు తెలీదమ్మా. నువ్వే చెప్పాలి."

ఆమె వంగి అతని చెవిలో ఏదో చెప్పింది. మేఘం కొట్టు చూరు దాకా దిగింది గానీ ఆ మాట అందలేదు. దర్జీ తలూపి, పెన్సిలు చెవి మీదే ఉంచుకుని, కత్తెర అందుకున్నాడు.

ఆ జాకెట్టులో దూది ఎంతుందో, అసలుందో లేదో, మేఘానికి తెలియదు. ఇంత కథ చెప్పిన నాకూ తెలియదు.