మైలయ్య ఎర్ర కారు బేరం

అడవి అంచున తారు రోడ్డు మలుపులో ఒక రైసు మిల్లు మూతబడి ఉంది. దాని ఆవరణలో నక్క చక్రపాణి పాత కార్ల కొట్టు పెట్టాడు. మనుషులు వాడి వదిలేసిన కార్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చేవాడు. తోకతో దుమ్ము దులిపి, బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసి, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ బొట్టు చూసి నమ్మినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేనైతే ముందు వాడి పళ్ళు చూసేవాణ్ణి.

ఆ కొట్టులో అందరి కళ్ళూ ఒక్క కారు మీదే. ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు. దాన్ని చూసినప్పటి నుంచి ఎద్దు మైలయ్యకి నెమరు కూడా సరిగ్గా సాగడం లేదు.

మైలయ్య ఊహ తెలిసినప్పటి నుంచీ బండి లాగాడు. ఇసుక లాగాడు, ఇటుకలు లాగాడు, పెళ్ళివారినీ లాగాడు. వెనక అందరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, ఈయన రోడ్డు చూసుకుంటూ నడిచేవాడు. ఒక్కసారి తను కూర్చోవాలి, బండే తనని తీసుకుపోవాలి. ఆయన కోరికల్లా అదే. చిన్న కోరికే పాపం. కాకపోతే ఇంజను కారుకి ముందుంటుందో వెనకుంటుందో కూడా ఆయనకి తెలియదు.

ఒక ఆదివారం సాయంత్రం భార్య కపిలమ్మని వెంటబెట్టుకుని బేరానికి బయల్దేరాడు. వాళ్ళ కొట్టంలో ఉండే పిల్లి మీనాక్షి, ఎవరూ పిలవకపోయినా వెనకాలే వచ్చింది.

"ఇంతకీ కారుకి బదులు ఏమడిగాడయ్యా?" అంది కపిలమ్మ దారిలో.

"మన గడ్డివాము."

"మొత్తం వామే? మరి ఎండాకాలం ఏం తింటాం, కారా?"

"పచ్చిక ఎక్కడుంటే అక్కడికి కార్లో పోయి మేద్దామే!"

వాము పోతే ఆ ఎండాకాలం గట్టెక్కడం కష్టమని కపిలమ్మకి తెలుసు. ఆయనకీ తెలుసు గానీ, ఎర్ర రంగు అడ్డొచ్చి కనబడటం లేదు. గడ్డి తినని నక్కకి వాముతో ఏం పనని మీరు అడగొచ్చు. ఊళ్ళో కోడిపెట్టలన్నీ ఆ వాములోనే గుడ్లు పెడతాయి.

"రా బాబాయ్, రా పిన్నీ! ఈ చలిలో ఎంత శ్రమపడ్డారో!" అంటూ చక్రపాణి ఎదురొచ్చాడు. "నీకోసమే అట్టే పెట్టాను బాబాయ్. గుర్రం వచ్చి బతిమాలినా ఇవ్వలేదు. పైకప్పు లేదు చూశావూ, నీ కొమ్ములకి అడ్డే ఉండదు."

మైలయ్య కారు చుట్టూ తిరిగాడు. అందరూ చేస్తారు కదా అని టైరుని కాలిగిట్టతో తన్నాడు. సీటు వాసన చూశాడు. "బాగుంది," అన్నాడు. ఏది బాగుందో అడిగితే చెప్పలేడు.

ఈలోగా మీనాక్షి బానెట్ మీదికి ఒక్క గెంతు గెంతి, ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

"ఏయ్, దిగు! రంగు గీరుకుపోద్ది!" అని దాన్ని తరిమి, చక్రపాణి తాళంచెవి చేతబట్టాడు. "వారం రోజులుగా దీన్ని ముట్టుకోలేదు బాబాయ్. అయినా ఎలా లేస్తుందో చూడు."

తాళం తిప్పాడో లేదో కారు గర్జించింది. చుట్టూ చేరిన మేకలు అదిరిపడి వెనక్కి గెంతాయి. మైలయ్య కళ్ళు చెమర్చాయి. నక్క ఇంజను ఆపేశాడు. ఆపీ ఆపగానే మీనాక్షి మళ్ళీ బానెట్ ఎక్కి అదే చోట పడుకుంది.

కపిలమ్మ చూపు అక్కడే ఆగింది. మీనాక్షి సంగతి ఆవిడకి బాగా తెలుసు. చలికాలమంతా మైలయ్య పొట్టకి ఆనుకుని పడుకునే పిల్లి అది. ఆయన లేచి వెళ్ళి ఆ చోటు చల్లబడిందా, మరి క్షణం ఉండదు. అలాంటిది నీడలో ఉన్న ఇనుము మీద, ఇంత చలిలో, రెండుసార్లు ఎందుకు ఎక్కింది? కపిలమ్మ వెళ్ళి బానెట్‌కి మూతి ఆనించింది. అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉంది.

"వారంగా ముట్టుకోలేదన్నావు కదూ నాయనా?"

"ఒట్టు పిన్నీ!"

ఆవిడ భర్తని పక్కకి లాగింది. "ఇప్పుడు తిప్పిన కాసేపటికే ఇంత వేడెక్కదయ్యా. మనం రాకముందు వీడు చాలాసేపు నడిపాడు. అదెందుకు దాస్తున్నాడు?"

"కార్ల గురించి నీకేం తెలుసే?"

"కార్ల గురించి ఏమీ తెలియదు. మీనాక్షి గురించి తెలుసు."

మైలయ్య ముఖం చిన్నబోయింది. అవతల చక్రపాణి నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టేశాడు. "త్వరగా కానివ్వు బాబాయ్! నిమ్మకాయలు తొక్కించి, ఇంటికి పోనియ్. గుర్రం మళ్ళీ వస్తానన్నాడు."

"అయ్యయ్యో!" అని నాలిక్కరుచుకుంది కపిలమ్మ. "ఇవాళ ఆదివారం, ఇప్పుడు రాహుకాలం. పొద్దుగూకేదాకా కొత్త బండి తీస్తారా ఎవరైనా?"

"అంత బొట్టు పెట్టుకున్నావు, ఆమాత్రం తెలియదా చక్రపాణీ?" అంది ఓ మేక.

నక్క మళ్ళీ తాళం మీద చెయ్యి వేశాడు. "సరే పిన్నీ. అప్పటిదాకా ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది. చక్రాలు కదలవుగా?"

"రాహుకాలంలో తాళమే ముట్టుకోకూడదు నాయనా. ఏం, కాసేపు ఆగితే మళ్ళీ లేవదని భయమా?"

మేకలన్నీ తలలు తిప్పి నక్క వైపు చూశాయి. పదిమందిలో పరువు పోతుందని చక్రపాణి రొమ్ము విరిచాడు. "లేవకపోవడమా! నా కారు తనంతట తాను నిమ్మకాయలు తొక్కకపోతే, మీ ఇద్దర్నీ కూర్చోబెట్టి మీ కొట్టం దాకా నేనే తోసుకెళ్తాను!"

"అందరూ విన్నారుగా?" అంది కపిలమ్మ.

మైలయ్య చతికిలబడి నెమరు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆగడం ఆయనకి కొత్త కాదు. చక్రపాణికే కాలు నిలవడం లేదు. చలిగాలి లేచేసరికి తన కండువా తీసి బానెట్ మీద కప్పాడు. అది చాలదని తనూ ఎక్కి కూర్చున్నాడు. మీనాక్షి కండువా కిందికి దూరి హాయిగా నిద్రపోయింది.

పొద్దు వాలింది. మిల్లు గోడ మీద ఎండ చెరిగిపోయింది. కండువా కదిలింది. మీనాక్షి బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, కిందికి దూకింది. నేరుగా వచ్చి మైలయ్య పొట్టకి ఆనుకుంది.

"రాహుకాలం వెళ్ళిపోయింది. లే, కారెక్కు," అంది కపిలమ్మ.

మైలయ్య సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. భార్య మాట అబద్ధం కావాలని మనసులో వెయ్యి దండాలు పెట్టుకున్నాడు. తాళం తిప్పాడు. కారు కిర్రుమంది. మళ్ళీ తిప్పాడు. ఇంకోసారి కిర్రుమని, టక్కుమని ఆగిపోయింది. నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అసలు సంగతేమిటంటే, చల్లబడితే ఆ కారు లేవదు. అందుకే చక్రపాణి మధ్యాహ్నం తన చుట్టాలందరి చేతా తోయించి, లేపి, అడవి దారంతా తిప్పి వేడెక్కించి ఉంచాడు.

మైలయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది. బేరం కుదిరిపోయి ఉంటే వాము పోయేది, తెల్లారేసరికి ఈ కారూ ఆగిపోయేది. దానికి కాడి కట్టి లాగేది ఎవరు? మళ్ళీ తనే!

చక్రపాణి మెల్లగా గోడ వైపు జరిగాడు. మేకలు కొమ్ములు వంచి అడ్డం నిలబడ్డాయి. "ఎక్కడికి చక్రపాణీ? కారు ఇటుంటే!"

చేసేదేముంది, నక్క వెనక చేరి భుజం ఆనించి తోశాడు. నిమ్మకాయలు నలిగాయి, కారు కదిలింది. కొట్టం దాకా దారి పల్లం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వాడి నడుం అక్కడే విరిగేది. పక్క సీట్లో కపిలమ్మ, ఆవిడ ఒళ్ళో మీనాక్షి. మైలయ్య కొమ్ముల మధ్య నుంచి గాలి వీచింది. ఆయన కళ్ళు మూసుకుని నవ్వాడు. జన్మలో మొదటిసారి రోడ్డు దానంతట అది వెనక్కి పోతోంది.

"హయ్... హయ్!" అన్నాడు హుషారుగా. "కొంచెం కుడికి అబ్బాయ్, అక్కడ గతుకుంది. అలిసిపోయావా? నాకు తెలుసులే ఆ బాధ."

కొట్టం ముందు దిగి, వాముని ఒకసారి తనివితీరా చూసుకున్నాడు. తర్వాత కుడితి తొట్టి చక్రపాణి ముందుకి జరిపాడు. "తాగు. నాచేత బండి లాగించినవాళ్ళలో చాలామంది ఇది కూడా పెట్టలేదు."

నక్కకి కుడితి గొంతు దిగలేదు. తలెత్తి వచ్చిన దారి చూశాడు. ఇప్పుడదంతా ఎత్తే. నాలుక వేలాడేసుకుని ఎర్ర కారుని మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు.

నీతి: కొనే వస్తువు గురించి ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు, అమ్మేవాడు తొందరపెట్టినప్పుడు కాసేపు ఆగడం తెలిస్తే చాలు.