నేల కనబడని వీడియో

విజయనగరంలో లోకనాథ్ అనే జిమ్నాస్ట్ ఉండేవాడు. రింగుల మీద అతనికి సాటి ఎవరూ లేరు గానీ, నలుగురూ చూడని పని అతనికి పనిలాగే అనిపించేది కాదు.

పైనుంచి వేలాడే రెండు రింగులు పట్టుకుని, చేతులు చెరోవైపు చాచి, అతను గాలిలో శిలువలా నిలిచిపోయేవాడు. తర్వాత ఊగి, రింగులు వదిలి, రెండు పల్టీలు కొట్టేవాడు. ఆ పల్టీల మధ్య ఒక్క క్షణం అతనికి బరువు ఉండేది కాదు. సాధన చేసే షెడ్డు పైరేకుల సందుల్లోంచి పడే ఎండలో సుద్దపొడి మెల్లగా తేలుతూ ఉండేది. తానూ అందులో ఒక రేణువే అనిపించేది.

సరిగ్గా అక్కడే వీడియో కత్తిరించి ఫోన్లోంచి నెట్‌లో పెట్టేవాడు. ఎర్రటి హృదయాలు బుడగల్లా లేచేవి. నాలుగు లక్షల మంది అభిమానులు! నేల మీద దిగడం వాళ్లెవరికీ కనబడదు కనుక, దాన్ని సాధన చేయడమే మానేశాడు. స్పాంజి ముక్కలు నింపిన గుంటలో ఎలాగోలా పడేవాడు.

“ఒరేయ్ లోకా, పోటీలో ఈ గుంట ఉండదురా. గట్టి మ్యాట్ మీద దిగాలి,” అన్నాడు కోచ్ పైడిరాజు మాస్టారు.

“దిగడం ఎవరు చూస్తారు మాస్టారూ? జనం నన్ను వాయుపుత్రుడంటున్నారు!”

“ఆ వాయుపుత్రుడు కూడా లంకలో కాళ్ల మీదే దిగాడురా!”

తోటివాళ్లు పకపకా నవ్వారు. లోకనాథ్ నవ్వలేదు.

జాతీయ పోటీలకు వెళ్లే రాష్ట్ర జట్టులో రింగులకు ఒక్కటే స్థానం. ఎనిమిదేళ్లుగా అతను కలగన్నది దానికోసమే. ఎంపిక రోజున హాలు నిండా ఫోన్లు లేచాయి. లోకనాథ్ రింగులు వదిలాడు. పైదీపాలు నక్షత్రాల్లా చుట్టూ తిరిగాయి. చప్పుడన్నది లేదు. ఈ క్షణం అయిపోకూడదు అనుకున్నాడు.

అయిపోయింది. నేల ఎంత దూరంలో ఉందో కాళ్లకు తెలియలేదు. మోకాళ్ల మీద పడి, బోర్లా జారిపోయాడు. అతనికంటే తేలిక పల్టీ కొట్టినా, దిగినచోట మేకులా నిలబడ్డ సన్యాసినాయుడనే మరో కుర్రాడికి ఆ స్థానం దక్కింది.

సాయంత్రానికి అతను పడిపోయిన వీడియోను తొమ్మిది లక్షల మంది చూశారు. అవే పేర్లు, అవే హృదయాలు. “వాయుపుత్రుడు భూమాతకు సాష్టాంగ నమస్కారం చేశాడు!” అని ఎవరో రాస్తే, దానికే ఇరవై వేల హృదయాలు. లోకనాథ్ ఫోన్ కట్టేసి పక్కన పెట్టాడు. వినోదం అమ్ముకునే సంతలో మనిషి ఎగిరినా సరుకే, పడినా సరుకే!

మర్నాడు పొద్దున్నే అతను ఉత్త చేతులతో షెడ్డుకు వచ్చాడు.

“ఏటిరా, ఈవేళ వీడియో లేదా?” అన్నాడు మాస్టారు.

“లేదు మాస్టారూ. దిగడం నేర్పండి.”

మాస్టారు మోకాలెత్తు చెక్కపెట్టె ఒకటి ముందుకు జరిపాడు. “ఎక్కు. దూకు. కదలకు.”

లోకనాథ్ దూకాడు. తూలాడు. మళ్లీ ఎక్కాడు.

నీతి: పొగడ్త మనిషిని గాలిలో తేలించగలదు గానీ నేలమీద నిలబెట్టలేదు, నిలబెట్టేది ఎవరూ చూడని సాధన ఒక్కటే.