తెల్లకొండ డేగలు

అనగనగా ఒక అడవి ఉండేది, పిల్లలూ. ఏడుగుట్టల అడవి దాని పేరు. దానికి తూర్పున లోతైన వాగు, పడమట దట్టంగా అల్లుకున్న ముళ్ళపొదలు, దారి మొదట్లో అడవిదున్నల కాపలా. నేల మీద నుంచి చీమ కూడా అడగకుండా లోపలికి రాలేదు. ఏనుగులు ఆ కాపలా చూసుకుని తెగ మురిసిపోయేవి. అయితే నెత్తి మీద ఆకాశం ఉంది కదా, దానికి తలుపు లేదు. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

ఆ అడవిలో వరాలు అనే కుందేలు ఉండేది. దానికి ముగ్గురు పిల్లలు. ఒక ఎండాకాలం ఎర్రగుట్ట నుంచి గద్దలు వచ్చాయి. మొదటిసారి వచ్చి పెద్దవాడిని ఎత్తుకుపోయాయి. నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ వచ్చి నడిపిదాన్ని ఎత్తుకుపోయాయి. పట్టపగలు, తల్లి చూస్తూ ఉండగానే. ఇక మిగిలింది కడగొట్టువాడు ఒక్కడే. గుండ్రంగా ఉంటాడని వాడిని అందరూ బుడంకాయ అని పిలిచేవారు.

వరాలు వాడిని కాళ్ళ మధ్య దాచుకుని కూర్చుంది. మేతకి పోదు, కన్ను మూయదు. చివరికి ఒక తుమ్మచెట్టు కిందికి మకాం మార్చింది. ఆ చెట్టు మీద ఒక పసులపోలిగాడి గూడు ఉంది. మీరు చూసే ఉంటారు, గేదెల వీపు మీద కూర్చుంటుందే, చీలిన తోక ఉన్న నల్ల పిట్ట, అదే. పిట్ట పిడికెడే గానీ తన చెట్టు దాపుకి గద్ద వస్తే ఊరుకోదు. పైకి లేచి, వీపు మీద పొడిచి పొడిచి వాగు దాటేదాకా తరుముతుంది. వరాలు ఆ చెట్టు కిందికి వచ్చాక బుడంకాయ వైపు ఏ గద్దా రాలేదు.

మిగతా జంతువుల పిల్లలు మాత్రం పోతూనే ఉన్నాయి. అడవికి పెద్ద జంబయ్య అనే ముసలి ఎలుగుబంటి. ఆయన సభ పెట్టి, ఆకాశానికి కూడా కాపలా పెట్టుకుందాం, ఏ పక్షులైతే బాగుంటుందో తేల్చండి అన్నాడు. అందరూ తలలూపారు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏదైనా ఎంచుకోవాలంటే ముందు కోరికల కుప్ప వెయ్యాలి. ఒక్కో జాతీ ఒక్కో పుల్ల తెచ్చి, తమ కోరిక చెప్పి, సభ మధ్యలో వేస్తుంది. ఒకసారి వేసిన పుల్లని తియ్యకూడదు. ఎవరు ఎక్కువ పుల్లలకి సరిపోతే వాళ్ళే గెలిచినట్టు. చివర్లో, ఎవరి ఇంట ఎక్కువ దెబ్బ తగిలిందో వాళ్ళు సరే అనాలి. వాళ్ళు సరే అంటేనే పని జరుగుతుంది. ఈసారి ఆ మాట చెప్పవలసింది వరాలు.

లేడి వచ్చి, వేగంగా ఎగరాలి అని పుల్ల వేసింది. బాగుంది. ఏనుగు వచ్చి, ఆకారం గంభీరంగా ఉండాలి, లేకపోతే పక్క అడవుల వాళ్ళు నవ్వుతారు అంది. సరే అనుకుందాం. నెమలి వచ్చి, అడవి జాతర నాడు వరుస కట్టి ఎగిరితే చూడముచ్చటగా ఉండాలి అంది. కోతి వచ్చి ఏమందో తెలుసా? తీరిక దొరికినప్పుడు వాగు అవతల నుంచి మామిడిపళ్ళు కోసుకురావాలట. వరాలు నిర్ఘాంతపోయి కోతి మొహం వంక చూసింది. తన పిల్లలు పోయి నెలన్నా కాలేదు, ఇక్కడ మామిడిపళ్ళ మాట నడుస్తోంది. అయినా ఎవరూ కోతిని కసురుకోలేదు. వరాలు కూడా తన పుల్ల తెచ్చి, గద్ద కంటే ఎత్తుకి ఎగరాలి అని వేసింది. సాయంత్రానికి కుప్పలో ఇరవయ్యేడు పుల్లలు పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే మైదానంలో పరీక్ష. ఆకాశంలో మబ్బుతునక లేదు. గాలి లేదు. గద్దలు కూడా లేవు. పరీక్ష అంటే మైదానం మీద మూడు చుట్లు తిరిగి చూపించడమే.

మొదట రాబందు వచ్చింది. రెక్కలు విప్పితే మైదానం సగం నీడ పడింది. ఏనుగు ఆనందానికి అంతు లేదు. కానీ ఒక మలుపు తిరగడానికి దానికి అరపూట పట్టింది. పదమూడు పుల్లలకి సరిపోయింది.

తరవాత పసులపోలిగాడు వచ్చాడు. మూడు చుట్లు తిరిగి, జంబయ్య ముందు వాలాడు. "పెద్దయ్యా, ఖాళీ ఆకాశంలో తిరిగితే నా పని మీకేం తెలుస్తుంది? ఎర్రగుట్ట వైపు రండి. గద్ద ఉన్న చోట చూడండి" అన్నాడు. పరీక్షలు మైదానంలోనే జరగాలి, అది ఆచారం అన్నాడు జంబయ్య. నెమలి తోక చాటున నవ్వుకుంది. లెక్క చూస్తే మూడంటే మూడే పుల్లలు.

ఇక తెల్లకొండ డేగలు వచ్చాయి. ఆరు డేగలు. కాలికి వెండి కడియాలు, ఛాతీ మీద మంచులాంటి ఈకలు. ఆకాశంలో చుక్కలైపోయేంత పైకి వెళ్ళాయి. అక్కడి నుంచి రెక్కలు ముడుచుకుని రాళ్ళలా కిందికి పడ్డాయి. లేళ్ళు కళ్ళు మూసుకున్నాయి. నేలకి జానెడు ఎత్తులో ఆరూ ఒకేసారి రెక్కలు విప్పి పైకి లేచాయి. వీళ్ళుంటే నా బుడంకాయ హాయిగా ఎండలో ఆడుకోవచ్చు అనుకుంది వరాలు. ఇరవయ్యేడులో ఇరవయ్యారు పుల్లలు. మామిడిపళ్ళ పుల్ల ఒక్కటి మిగిలింది, కోతి అలిగి చెట్టెక్కింది.

డేగల తరఫున మాట్లాడడానికి రత్తమ్మ అనే గోరువంక వచ్చింది. దానికి రాని భాష లేదు. అందరూ ఇంకా ఆకాశం వైపే చూస్తుండగా, అది షరతులు మూడూ గడగడా చదివేసింది. డేగల తిండైనా, విరిగిన ఈకకి వైద్యమైనా తెల్లకొండ నుంచే జరగాలి. ఇవి ఉన్న అడవిలో వేరే కాపలా పిట్టలు ఉండకూడదు. ఇవి పోరుకి లేవాలంటే, వీటిని పెంచి పంపే తెల్లకొండ దొర ఈల వెయ్యాలి.

జంబయ్య వినలేదు. ఏనుగు వినలేదు. పొడుగు చెవుల వరాలు మాత్రం వింది. "ఈల ఆయనే ఎందుకు వెయ్యాలి రత్తమ్మా? గద్ద వచ్చేది మా మీదికి కదా" అని అడిగింది.

"అదొక లాంఛనం వరాలక్కా. దొరవారి వేగులు ఆకాశమంతా ఉంటారు. గద్ద కదిలిందంటే నీకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. కొండ నుంచి కొండకి అందుకుని రెప్పపాటులో ఈల వచ్చేస్తుంది" అంది రత్తమ్మ.

వరాలుకి ఎక్కడో కలుక్కుమంది. చూస్తే అడవంతా తన నోటి వంకే చూస్తోంది. ఇంతమందికి నచ్చినదాన్ని నేను కాదంటే ఏమనుకుంటారు అనిపించింది. అటు చూస్తే పిడికెడు నల్ల పిట్ట. ఇటు చూస్తే వెండి కడియాల డేగలు. వరాలు గొంతు సవరించుకుని, "సరే" అంది. మైదానం దద్దరిల్లిపోయింది.

రెండో షరతు ప్రకారం పసులపోలిగాడు అడవి వదిలి పోవాలి. ఆ మాట చెప్పే పని కూడా వరాలు మీదే పడింది. గూట్లో గుడ్లున్నాయి అక్కా, పిల్లలయ్యేదాకా ఉండనివ్వమని అడుగు అన్నాడు అతను. వరాలు వెళ్ళి అడిగింది. రత్తమ్మ కుదరదంది. గుడ్లు గూట్లో ఉండగానే ఆ జంట వాగు దాటి వెళ్ళిపోయింది. అంత పని జరుగుతుందని వరాలు కలలో కూడా అనుకోలేదు. ఆ రోజంతా తుమ్మచెట్టు వైపు తలెత్తి చూడలేకపోయింది.

తరవాత నెల రోజులు అడవిలో పండగే. డేగలు మద్దిచెట్టు కొమ్మ మీద వరుసగా కూర్చునేవి. జాతర నాడు ఆరూ బాణంలా వరుస కట్టి ఎగిరాయి. నెమలి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గద్దల జాడ లేదు. మన డేగలంటే హడలిపోయాయి అని అందరూ చెప్పుకున్నారు. బుడంకాయ మొదటిసారి తల్లి కాళ్ళ మధ్య నుంచి బయటికి వచ్చి గడ్డిలో గెంతులేశాడు.

తొలకరి పడిన మర్నాడు, పొద్దున్నే ఎర్రగుట్ట వైపు ఆకాశంలో మచ్చలు కనబడ్డాయి. వరాలు బుడంకాయని పొదలోకి తోసి తలెత్తి చూసింది. ముందు ఎనిమిది గద్దలు. వాటి వెనక మూడు డేగలు. డేగల కాళ్ళకి వెండి కడియాలు తళతళమన్నాయి. అమ్మయ్య, మనవాళ్ళు తరుముతున్నారు అనుకుంది వరాలు. అంతలో మద్దిచెట్టు వైపు చూసి కొయ్యబారిపోయింది. మన డేగలు ఆరూ కొమ్మ మీదే కూర్చుని ఉన్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

మరి గద్దలతో వస్తున్నవి ఎవరి డేగలు?

అడవి అంతా అరుపులు. లేళ్ళు పరుగెడుతున్నాయి. నెమలి పిల్లని ఒక గద్ద తన్నుకుపోయింది. వరాలు ఒక్క పరుగున మద్దిచెట్టు కిందికి వెళ్ళింది. డేగల నాయకుడు అందరికంటే కింది కొమ్మ మీద ఉన్నాడు.

"లే నాయనా. నా బిడ్డ అక్కడ పొదలో ఉన్నాడు" అంది.

"ఈల రాలేదు తల్లీ" అన్నాడు అతను.

"కళ్ళతో చూస్తున్నావు కదా. చూస్తూ కూడా ఈల కావాలా?"

"ఈల రాదు కూడా. ఆ డేగలవీ మా తెల్లకొండ కడియాలే. ఎర్రగుట్ట వాళ్ళు మీకంటే ముందే మా దొర దగ్గర డేగల్ని తీసుకున్నారు. ఆయనకి మీరూ కావాలి, వాళ్ళూ కావాలి. ఇలాంటప్పుడు ఆయన ఈల వెయ్యడు."

వరాలుకి ఆ మాటలు వినబడుతున్నాయి గానీ తలకెక్కడం లేదు. డేగల నాయకుడి గొంతులో వెటకారం లేదు. ఉన్నమాట చెబుతున్నాడు, అంతే.

"మీరు మా రెక్కల్ని తెచ్చుకున్నారు తల్లీ. మా చెవులు తెల్లకొండలోనే ఉన్నాయి" అన్నాడు అతను.

వరాలు వెనక్కి పరుగెత్తింది. పొద దగ్గర గడ్డి నలిగి ఉంది. నాలుగు వెంట్రుకలు ముళ్ళకి చిక్కుకుని ఉన్నాయి. బుడంకాయ లేడు. పొదకి అటువైపు చూసింది, ఇటువైపు చూసింది, మళ్ళీ పొదలోకే చూసింది. ఎన్నిసార్లు చూసినా వాడు లేడు.

ఆ సాయంత్రం జంబయ్య సభ పెట్టాడు. పదకొండు జాతుల పిల్లలు పోయాయి. డేగలు ఎప్పటిలాగే కొమ్మ మీద కూర్చుని ఎండుచేపలు తింటున్నాయి. రత్తమ్మ తొణక్కుండా లేచింది. దొరవారి దగ్గర ఇంతకంటే మేలైన డేగలు వచ్చాయి, రెట్టింపు వేగం, కోరికలేమిటో చెప్పండి అంది. అప్పుడు జరిగింది చెబితే మీరు నమ్మరు. జంబయ్య తల వంచుకుని, సరే, మళ్ళీ కుప్ప వెయ్యండి అన్నాడు. లేడి వెళ్ళి పుల్ల తెచ్చింది. ఏనుగు కొమ్మ విరిచింది. పొద్దున బిడ్డని పోగొట్టుకున్న నెమలి కూడా ముక్కున పుల్ల పట్టుకుని వరుసలో నిలబడింది.

వరాలు చాలాసేపు వాళ్ళని చూసింది. కళ్ళు తుడుచుకోలేదు. నెమ్మదిగా సభ మధ్యకి వచ్చింది.

"చివరి మాట మళ్ళీ నాదే కదా. పుల్లలు వెయ్యకముందే చెబుతున్నాను, సరే అనను" అంది.

డేగలు మోసం చేశాయి గానీ అందులో నీ తప్పేముంది వరాలూ అని జంబయ్య ఓదార్చబోయాడు.

"డేగలు మోసం చెయ్యలేదు పెద్దయ్యా. రత్తమ్మ షరతు పైకే చదివింది. మీరెవరూ వినలేదు, నేను విన్నాను. ఇదేమిటని అడిగాను కూడా. నలుగురిలో కాదనలేక సరే అన్నాను. ఆకాశంలో గద్ద బుడంకాయ దాకా వచ్చిన దారి నేను తీసిందే" అంది వరాలు.

నెమలి ముక్కున ఉన్న పుల్ల జారి కిందపడింది. దాన్ని తియ్యడానికి ఎవరూ వంగలేదు.

నీతి: మనల్ని కాపాడేవారిని ఎంచుకునేటప్పుడు వాళ్ళ బలం చూసి మురిసిపోకూడదు. వాళ్ళు ఎవరి మాట వింటారో ముందు అడగాలి. జవాబు మనసుకి నచ్చకపోతే నలుగురిలోనైనా సరే, కాదని చెప్పాలి.