నోరు లేని తపసి

"పట్టుగూట్లోంచి వచ్చే రెక్కల పురుగు గొప్పదా, గోరింక గొప్పదా అయ్యగారూ?" అని ఓదెలు గురువుగారిని అడిగాడు. అడగడమైతే అడిగాడు గానీ, జవాబు తనే ముందుగా తేల్చుకుని కూచున్నాడు మహానుభావుడు. ఆశ్రమం పక్కన మద్దిచెట్ల మీద పట్టుపురుగులు పెంచే లస్మక్క ఒకనాడు గూడు చీల్చుకొచ్చిన రెక్కల పురుగును చూపించి, "దీనికి నోరే లేదు బిడ్డా. తినదు, తాగదు, గుడ్లు పెట్టి పోతది" అంది. అంతే, తపస్సంటే ఇదీ అనుకున్నాడు ఓదెలు. పొద్దస్తమానం తిండి వెతుక్కునే గోరింకదీ ఒక బతుకేనా? అందరి ముందూ ఒట్టు పెట్టుకుని అన్నం మానేశాడు.

ఇప్పుడు ఆకలికి ఓర్చుకోలేకపోతున్నాడు. వంటింట్లో రొట్టె కాలుతుంటే కాళ్లు అటే పోతున్నాయి. ఒట్టు తీసి గట్టున పెడదామంటే పరువు అడ్డం. ఇలాగే ఉంటే చచ్చిపోతానేమోనని లోలోపల భయం కూడా పట్టుకుంది. నర్సింగం గురువుగారు ప్రశ్నకు వెంటనే బదులిచ్చే మనిషి కాదు. "పా, లస్మక్క దగ్గరికి పోయొద్దాం" అని కర్ర అందుకున్నారు.

మద్దిచెట్టు కింద నిలబడితే పైనుంచి కరకరమని చప్పుడు. వేలెడేసి పచ్చపురుగులు ఆకుల్ని ఈనెలతో సహా మేస్తున్నాయి. చెట్టు సగం బోడిదైపోయింది.

"ఇవేంది అక్కా?" అన్నాడు ఓదెలు గుటకలు మింగుతూ.

"నీ తపసి పురుగే బిడ్డా, రెక్కలు రాకముందు!" లస్మక్క పకపకా నవ్వింది. "గూడు కట్టేదాకా తినుడే తినుడు. ఆ తిన్నదాంతోనే తర్వాత బతుకుతది."

అంతలో గోరింక ఒకటి వచ్చి చిన్న పురుగును ఎత్తుకుపోయింది. "నీ నోట్ల మన్నువడ!" అని లస్మక్క మట్టిగడ్డ విసిరింది. గోరింక పక్క చెట్టు తొర్ర దగ్గర వాలింది. ఓదెలు కళ్లు దాని ముక్కునే పట్టుకున్నాయి. ముక్కులో తిండి ఉంది, మింగలేదు. తొర్రలో పిల్లలు కిచకిచమంటే ఒకదాని నోట్లో పెట్టి, ఉత్త ముక్కుతో మళ్లీ ఎగిరిపోయింది.

"నోటి దాకా వచ్చినదాన్ని ఎట్ల మింగకుండ ఉన్నది అయ్యగారూ!" అన్నాడు ఓదెలు. అతనికి ఏడుపొచ్చేసింది.

లస్మక్క తన సద్దిమూట విప్పి రెండు రొట్టెలు అతని చేతిలో పెట్టింది. గురువుగారు వద్దనలేదు. ఓదెలు గుండెల మీంచి బండ దిగినట్టయింది. మొదటి రొట్టె ఎటు పోయిందో అతనికే తెలియదు. హమ్మయ్య, బతికాను అనుకుని రెండోది నోటి దాకా తెచ్చాక, ఖాళీ సద్దిగుడ్డ దులుపుకుంటున్న లస్మక్క కనబడింది. అతని చెయ్యి ఆగిపోయింది. ఆ రొట్టె తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

గురువుగారు లేచి కర్ర అందుకున్నారు.

"నీ ఉపాసం ఇప్పుడు మొదలైంది, ఓదెలూ" అన్నారు.