ముగ్గు పడని వాకిలి

అనగనగా, మీ తాతలకూ నా తాతలకూ తెలియని కాలంలో, ఒక ఊరి చివర పేరిశెట్టి అనే మిరియాల వర్తకుడు ఉండేవాడు. భార్య పోయింది. వరాలు అని ఏడేళ్ళ కూతురు. దుకాణం మీద ఉన్న శ్రద్ధ ఆయనకు ఇంటి మీద లేదు. రెండు వానలు పడేసరికి వాకిట్లో గడ్డి మోకాలెత్తు లేచింది.

మొదట కోడి వచ్చి మొరపెట్టుకుంది. "అయ్యా, నా పిల్లలు ఈ గడ్డిలో తప్పిపోతున్నాయి."

"గడ్డే కదా, ఎక్కడికి పోతుంది? రేపు కోయిస్తాలే," అన్నాడు శెట్టి.

గడ్డి ఎక్కడికీ పోలేదు. అదే వచ్చిన చిక్కు.

నడుమెత్తు పెరిగాక ముంగిస వచ్చింది. "శెట్టిగారూ, ఇందులో పాము చేరింది. ఎంత వెతికినా నాకే కనబడడం లేదు."

"రేపు చూద్దాం," అన్నాడు.

చివరికి వరాలే అడిగింది. "నాన్నా, కాస్త చోటు చెయ్యవూ? ముగ్గు వేసుకుంటాను."

"రేపమ్మా," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే, ముగ్గుకు తానే చోటు చేసుకుందామని వరాలు గడ్డి పీకబోయింది. పాము కాలి మీద కాటు వేసింది.

కాటు పడ్డ పిల్లను కదిలించకూడదంటారు. శెట్టి దారిన పోయే బండివాడి చేత పొరుగూరి వైద్యుడికి కబురు పంపి, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండెక్కింది. బండి గంటలు దగ్గరగా వినిపించాయి, ఆగాయి, మళ్ళీ దూరమయ్యాయి. శెట్టి గడ్డిలో పడి లేస్తూ వీధిలోకి పరుగెత్తాడు. వాగు దగ్గర గానీ బండి అందలేదు.

వైద్యుడు తెల్లబోయాడు. "అది నీ ఇల్లా, శెట్టీ? ముగ్గు లేదు, లోపలికి దారి లేదు. మనిషి పోయి పాడుపెట్టిన ఇల్లనుకుని వెనక్కి తిరిగానయ్యా."

శెట్టి చేతులు జోడించి వైద్యుణ్ణి ఇంటికి తీసుకువచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. వరాలు ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు.

ఆ సాయంత్రమే శెట్టి కొడవలి పట్టాడు. ఏడుస్తూనే కోశాడు. ఆ తర్వాత ఆ వాకిట్లో ఒక్క గడ్డిపరక మొలవనివ్వలేదు. వరాలు అరుగు మీద కూర్చుని, పరుగెత్తడానికి అంత చోటున్న ఆ వాకిలిని చూస్తూ ఉండేది.

పిల్లలూ, పెద్దలూ, వినండి: వాకిలిని అడవి కానిస్తే ఆపద లోపల కాపురం పెడుతుంది, ఆదుకునేవాడు గడప దాకా వచ్చి తిరిగిపోతాడు.