తోడెళ్ళిన మట్టి

అనగనగా ఒక ఊరు ఉండేది తల్లీ. ఇప్పుడది నీళ్ళ కింద ఉంది. డ్యాము కట్టారు, ఊరు మునిగింది, జనాన్ని ఎగువన కొత్త కాలనీకి తీసుకుపోయారు. వాళ్ళల్లో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. అందరూ మంచాలూ బిందెలూ మోసుకెళ్తే, ఈవిడ వాళ్ళమ్మ ఇచ్చిన అలసందల కుండ చంకన పెట్టుకుంది. అమ్మ పోయింది, ఇల్లు పోయింది, ఆ గింజలే మిగిలాయి మరి.

కొత్త చేలో అలసందలు వేసింది. పండాయి. కుండలో పోసి దాచింది. రెండు నెలలకి మూత తీస్తే ఏముంది? గింజ గింజకీ చిల్లు, అడుగున పిండి, పైన పుచ్చు పురుగులు! ఏడ్చుకుంటూ మంచివి ఏరి మళ్ళీ వేసింది.

రెండో ఏడు కుండలో బూడిద కలిపింది. అయినా పుచ్చాయి. మూడో ఏడు ఆముదం పట్టించింది. అయినా పుచ్చాయి. వాళ్ళమ్మ కాలంలో ఆ బూడిదే సరిపోయేదట సుమా! చివరికి సోలెడు గింజలు మిగిలాయి. అవీ పోతే అమ్మ విత్తనం ఇక లేనట్టే.

అప్పుడు ఆవిడకి అనుమానం వచ్చి, చేలో గింజ రాలి మొలిచిన ఒక మొక్కని పీకి చూసింది. వేళ్ళు బోడిగా ఉన్నాయి. పాత చేలో అయితే వేరు నిండా మిరియాలంత బుడిపెలుండేవి. చిన్నప్పుడు వాటిని గిల్లితే వాళ్ళమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది.

పక్కింట్లో బుల్లెబ్బాయి అని ఒక తాత ఉంటే, ఆయనకి చెప్పింది. ఆయన బోసినోటితో నవ్వాడు.

"ఆడపిల్లని కాపరానికి ఒక్కద్దాన్నే తోలేస్తామా అమ్మా? తోడుగా ఓ ముసలమ్మనైనా పంపుతాం. నీ గింజకి తోడేదీ? ఆ పాత మట్టి తేలేదుగా?"

పాత చేలో ఎగువ నేల చెక్క ఒకటి మునగలేదు. అచ్చియ్యమ్మ అంతదూరం నడిచి వెళ్ళి, అలసందలు పండిన చోట మట్టి తవ్వి, బుట్టెడు నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆ తర్వాత బెల్లం నీళ్ళు కాచి చల్లార్చి, గింజలకి రాసి, ఆ మట్టి పట్టించింది. ఆ తర్వాత ఏం చేసిందనుకున్నావు? విత్తనమంటే ఎండబెట్టడం అలవాటు కదా, మిట్టమధ్యాహ్నం చాప పరిచి ఎండలో ఆరబోసింది!

తాత కర్ర ఊపుకుంటూ వచ్చాడు. "ఓసి పిచ్చిదానా! ఆ మట్టిలో పసిబిడ్డలుంటారే. మాడి చచ్చిపోరూ?"

నిజం బిడ్డలు కాదులే. కంటికి ఆనని జీవాలు. బుడిపెల్లో కాపరం పెట్టి మొక్కకి వండి పెడతాయి. కడుపు నిండిన మొక్క తన గింజకి లోపలే బలం పోస్తుంది. పాపం, అచ్చియ్యమ్మ లబోదిబోమని గింజల్ని పంచలోకి లాగి, మిగిలిన మట్టి మళ్ళీ పట్టించి, నీడలో ఆరబెట్టింది.

ఆ ఏడు వేళ్ళ నిండా బుడిపెలే. గింజలు కుండలో పోసి, బూడిద కలిపి, మూత పెట్టింది. నెలయింది, రెండు నెలలయ్యాయి, మూడయ్యాయి. మూత తియ్యడానికి చేతులు రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. గింజలు నున్నగా, బరువుగా తగిలాయి.

పురుగు రాలేదనుకున్నావా? వచ్చింది, గుడ్లూ పెట్టింది. పిల్లపురుగులకి ఆ గింజ పడలేదు, ఎదగలేక చచ్చాయి. ఏ పది గింజలో పుచ్చాయి, అంతే. అచ్చియ్యమ్మ కుండని కావలించుకుని "అమ్మా" అని ఏడ్చింది.

మర్నాడు ఇంటింటికీ దోసెడు గింజలు, తన చేలోంచి దోసెడు మట్టి పంచేసింది. "అన్నీ ఇచ్చేస్తే నీకో?" అన్నాడు తాత.

"నా కుండ పుచ్చితే వీళ్ళని అడుగుతాను తాతా. ఇన్నాళ్ళూ మా అమ్మ ఒక్క కుండలో ఉంది. ఇప్పుడు ఊరంతా ఉంది" అంది.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
గింజేమో మంటికి,
నిద్రేమో మా తల్లి కంటికి.